316ఎల్ – 2205 జాయింట్లలో 316ఎల్ వైపే తుప్పు చుక్కలు: ఫిల్లర్ మార్చాలా?

విశాఖ_క్యూసీ
4 ఇంచీల షెడ్యూల్ 10ఎస్ లైను. ట్యాంకు నాజిల్ స్టబ్ (ట్యాంకు నుంచి బయటికి వచ్చే పొట్టి పైపు ముక్క) 2205 డూప్లెక్స్ (ఫెర్రైట్, ఆస్టెనైట్ అనే రెండు స్ఫటిక నిర్మాణాలు కలిసిన స్టెయిన్‌లెస్ స్టీల్), అక్కణ్నుంచి పైపు 316ఎల్ (మామూలు ఆస్టెనైట్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్, ఎల్ అంటే కార్బన్ తక్కువ). ఇలాంటి జాయింట్లు మొత్తం 11. అన్నీ టిగ్ వెల్డింగు, రూట్ (లోపలి మొదటి పాస్) నుంచి క్యాప్ (పై పాస్) దాకా ఫిల్లర్‌గా ఈఆర్2209 డూప్లెక్స్ వైరు, లోపల ఆర్గాన్ పర్జ్ (పైపులోని గాలిని ఆర్గాన్‌తో తోసేయడం). రేడియోగ్రఫీలో అన్నీ పాసయ్యాయి. హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి చేసే ఒత్తిడి పరీక్ష) అయిన 3 వారాలకు బోరోస్కోప్ (పైపు లోపల చూసే కెమెరా) పెట్టి చూస్తే 5 జాయింట్లలో లోపల తుప్పు చుక్కలు. వెల్డు మీద ఒక్కటీ లేదు. అన్నీ 316ఎల్ వైపే, ఫ్యూజన్ లైనుకి (వెల్డు అంచుకి) 2 నుంచి 5 మి.మీ. దూరంలో. 2205 వైపు శుభ్రంగా ఉంది.

క్లయింటు ఇన్‌స్పెక్టర్ గారి మాట ఏంటంటే, డూప్లెక్స్ వైరు కొట్టడం వల్ల గాల్వానిక్‌గా (రెండు లోహాలు తగిలి బ్యాటరీలా పనిచేసి) 316ఎల్ తినేస్తోంది, 11 జాయింట్లూ కోసేసి వేరే ఫిల్లర్ వైరు 309ఎల్‌తో మళ్లీ చేయండి అని. ఫెర్రైట్ మీటర్ (వెల్డులో ఫెర్రైట్ ఎంతుందో కొలిచేది) రీడింగులు వెల్డు మీద 52, 55, 49 వచ్చాయి. నిజంగా ఇది ఫిల్లర్ సమస్యేనా? కోసే ముందు ఏమేం చూడాలి?

టిగ్_రాజా
రెండు వేర్వేరు ఎస్ఎస్‌లు కలపాలంటే 309ఎల్. షాపుల్లో అందరూ చేసేది అదే. 2209 దేనికి పెట్టారో అర్థం కాలేదు.

తుప్పు_వైద్యుడు
రాజా అన్నా, 309ఎల్ అలవాటు ఎస్ఎస్‌ని మైల్డ్ స్టీల్‌కి అతికే చోట నుంచి వచ్చింది. అక్కడ మైల్డ్ స్టీల్ కరిగి కలిసినా వెల్డులో పెళుసైన మార్టెన్‌సైట్ రాకుండా క్రోమియం, నికెల్ ఎక్కువగా ఉన్న వైరు కావాలి. ఇక్కడ మైల్డ్ స్టీలే లేదు. ఉన్న సమస్య క్లోరైడ్ పిట్టింగు (ఉప్పునీటి క్లోరైడ్ వల్ల చిన్న గుంటలుగా పడే తుప్పు).

లెక్క వేద్దాం. పిట్టింగ్ నంబరు (ఎంత ఎక్కువైతే పిట్టింగుని అంత బాగా తట్టుకుంటుంది) = క్రోమియం + 3.3 × మాలిబ్డినం + 16 × నైట్రోజన్. మామూలుగా దొరికే కెమిస్ట్రీతో:

316ఎల్ (16.8 క్రోమియం, 2.1 మాలిబ్డినం, 0.04 నైట్రోజన్): 24.4
2205 (22.5, 3.2, 0.17): 35.8
ఈఆర్2209 (22.8, 3.1, 0.15): 35.4
ఈఆర్309ఎల్ (23.5, మాలిబ్డినం దాదాపు లేదు, 0.05): 24.6

డైల్యూషన్ 30 శాతం, అంటే రెండు పైపుల నుంచీ చెరో 15 శాతం కరిగి వెల్డులో కలిసిందనుకోండి. 2209తో వెల్డు 33.8 వస్తుంది. 309ఎల్‌తో 26.2. కాగితం మీద 26 అంటే 316ఎల్ కంటే మేలే అనిపిస్తుంది కానీ ఆ వెల్డులో మాలిబ్డినం 1 శాతం కూడా ఉండదు. పైగా వెల్డు గట్టిపడేటప్పుడు క్రోమియం, మాలిబ్డినం సమంగా సర్దుకోవు, డెండ్రైట్ల (కొమ్మల్లా పెరిగే స్ఫటికాలు) లోపలి భాగాలు పేదగా మిగులుతాయి. రోల్ చేసిన ప్లేటుతో సమానమైన నంబరున్న వెల్డు ప్లేటంత గట్టిగా నిలబడదు. అందుకే వెల్డుకి కాస్త ఎక్కువ నంబరే ఉండాలి.

కాబట్టి 2209 సరైన ఎంపికే. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పినట్టు మారిస్తే ఇప్పుడు 316ఎల్‌లో ఉన్న బలహీనత వెల్డులోకి కూడా వస్తుంది.

పైపింగ్_పద్మ
వైద్యుడు గారి లెక్కకి ఒక చేర్పు. 309ఎల్ వద్దు సరే, ఈఆర్309ఎల్ఎంఓ అనేది ఒకటుంది, మాలిబ్డినం 2 నుంచి 3 శాతం. 316ఎల్–2205 జాయింటుకి అది కూడా చెల్లుతుంది. అదే లెక్కలో వెల్డు 31 దాకా వస్తుంది. 2209 దొరక్కపోతే అది. ఉత్త 309ఎల్ మాత్రం వద్దు.

గాల్వానిక్ మాట: పైన రక్షణ పొర చెక్కుచెదరక రెండూ పాసివ్‌గా ఉన్నంతసేపు 316ఎల్‌కీ 2205కీ పొటెన్షియల్ తేడా చాలా తక్కువ, ఆ తేడాతో 3 వారాల్లో చుక్కలు పడవు. చిన్న విస్తీర్ణం ఉన్న వెల్డు రెండు పైపుల కంటే నాసిరకంగా ఉంటేనే భయం. ఇక్కడ వెల్డే మేలురకం.

టిగ్_రాజా
సరే, పిట్టింగ్ లెక్క ఒప్పుకున్నా. మరి వెల్డు బాగుండి, పక్కన 3 మి.మీ. దూరంలో తుప్పు వస్తోందంటే అది వెల్డ్ డికేయే కదా? వేడికి గ్రెయిన్ల అంచుల్లో క్రోమియం కార్బైడ్లు పడి ఉంటాయి.

మెటలర్జీ_మాస్టారు
3 మి.మీ. గోడ, రెండు పాస్‌లు, 0.03 శాతం లోపు కార్బన్. అలా కార్బైడ్లు పడి సెన్సిటైజ్ అవడానికి చాలినంత సేపు ఆ వేడి నిలవదు. అయితే ఒక షరతు, అది నిజంగా 316ఎల్ అయితేనే.

విశాఖ_క్యూసీ గారూ, మెటీరియల్ ఎలా చెక్ చేశారు? చేత్తో పట్టుకుని లోహంలోని మూలకాలు చదివే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తోనా?

విశాఖ_క్యూసీ
అవును సార్, గన్‌తోనే. అన్ని స్పూళ్లకీ (పైపు ముక్కలకీ) 316 అని చూపించింది. మిల్ సర్టిఫికెట్‌లో 316ఎల్.

మెటలర్జీ_మాస్టారు
ఆ గన్ కార్బన్ చదవలేదు. 316కీ 316ఎల్‌కీ తేడా కార్బనే, కాబట్టి గన్ చెప్పింది సగం సమాధానమే. కార్బన్ కావాలంటే స్పార్క్ ఓఈఎస్ (నిప్పురవ్వ వెలుగుతో మూలకాలు చదివే యంత్రం) గానీ కార్బన్ చదవగలిగే లిబ్స్ (అదే పని లేజరుతో చేసేది) గానీ కావాలి. హీట్ నంబరు పైపు మీద ఉన్నదీ సర్టిఫికెట్‌లో ఉన్నదీ ఒకటేనా అన్నది ముందు చూడండి, దానికి ఖర్చు లేదు.

ఒక జాయింటు ఎలాగూ కోస్తారు కదా, ఆ ముక్క మీద ఏఎస్‌టీఎం ఏ262 ప్రమాణంలోని ప్రాక్టీస్ ఏ పరీక్ష చేయించండి: 10 శాతం ఆక్సాలిక్ ఆసిడ్, చదరపు సెం.మీ.కి 1 ఆంపియర్, ఒకటిన్నర నిమిషం. మైక్రోస్కోప్ కింద గ్రెయిన్ల చుట్టూ కాలువలు తవ్వినట్టు ఉంటే సెన్సిటైజేషన్. మెట్లు మెట్లుగా ఉంటే ఆ అనుమానం పోయినట్టే. ఈ పరీక్షని 316ఎల్ వైపే చదవాలి, డూప్లెక్స్ వైపు ఇది పనికిరాదు.

ఫెర్రైట్45
మీటర్ రీడింగులు 52, 55, 49 అన్నారు. అవి ఫెర్రైట్ నంబరా, శాతమా? చాలామంది మీటర్ సెట్టింగ్ చూడకుండా రాసేస్తారు. డూప్లెక్స్ శ్రేణిలో శాతం అంటే నంబరులో సుమారు 0.7 వంతు. మీవి నంబర్లయితే 34 నుంచి 38 శాతం, శాతాలే అయితే 49 నుంచి 55. వెల్డుకి సాధారణంగా అడిగే 30–65 శాతంలో రెండూ పడతాయి కాబట్టి ఈసారి బతికిపోయారు. రిపోర్టులో మాత్రం ఏదో ఒకటి స్పష్టంగా రాయండి.

ఇంకోటి, 2205 వైపు వేడి తగిలిన భాగంలో ఫెర్రైట్ ఆ ప్రోబ్‌తో కొలవలేరు. ఆ పట్టీ మిల్లీమీటరు కూడా ఉండదు, ప్రోబ్ పక్కదాన్ని కూడా కలిపి చదివేస్తుంది. అక్కడ కావాలంటే ముక్క కోసి, ఎచ్ చేసి, ఏఎస్‌టీఎం ఈ562 ప్రకారం పాయింట్ కౌంట్ (మైక్రోస్కోప్ కింద చుక్కల గడి పెట్టి లెక్కపెట్టడం) చేయాల్సిందే.

విశాఖ_క్యూసీ
నంబర్లే అన్నా, ఇప్పుడే మీటర్ చూశాను. రిపోర్టు సరిచేస్తాను.

జుబైల్_పైపర్
అందరూ వెల్డు చుట్టూ తిరుగుతున్నారు, అసలు రెండు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. 1) పర్జ్ చేసేటప్పుడు ఆక్సిజన్ ఎంత ఉండగా ఆర్క్ కొట్టారు? మీటర్ పెట్టారా, అంచనాయేనా? 2) హైడ్రోటెస్ట్ నీళ్లు ఎక్కడివి, ఆ తర్వాత లైను ఆరబెట్టారా?

విశాఖ_క్యూసీ
పర్జ్ మీటర్ మొదటి 4 జాయింట్లకే ఉంది, తర్వాత పాడైంది. మిగతా 7 టైము చూసి కొట్టారు. ఆ 4 జాయింట్లలో చుక్కలు లేవు. ఈ సంగతి మీరు అడిగాకే గమనించాను.

నీళ్లు సైట్ బోరువి. డ్రెయిన్ చేశారు, గాలి కొట్టలేదు. లైను అలాగే మూసి ఉంచారు.

జుబైల్_పైపర్
సముద్రం పక్కన బోరు నీళ్లు, 3 వారాలు మూసిన పైపు. ఉప్పు తిన్న పైపు తుప్పు పట్టక మానదు తమ్ముడూ 🙂

క్లోరైడ్ ఎంతో ల్యాబ్‌లో కొలిపించు. స్పెసిఫికేషన్లలో సాధారణంగా 50 పీపీఎం దాటొద్దంటారు. బోరు నీళ్లు తప్పనిసరి అయితే టెస్ట్ అయిన రోజే ఖాళీ చేసి, డీఎం నీళ్లతో (లవణాలు తీసేసిన నీళ్లతో) కడిగి, పొడి గాలితో ఆరబెట్టాలి. అడుగున మిగిలిన నీరు ఆవిరవుతున్న కొద్దీ క్లోరైడ్ చిక్కబడుతుంది. మొదట 300 పీపీఎం ఉన్నది చివరి చుక్కల్లో వేలల్లోకి పోతుంది.

చుక్కలు పైపు అడుగున, 6 గంటల వైపు ఎక్కువున్నాయా?

విశాఖ_క్యూసీ
వీడియో మళ్లీ చూశాను. 5 జాయింట్లలో 4 చోట్ల 4 గంటల నుంచి 8 గంటల మధ్యే. ఒక్కచోట చుట్టూ ఉన్నాయి.

తుప్పు_వైద్యుడు
ఇక బొమ్మ కుదిరింది. పర్జ్‌లో ఆక్సిజన్ ఎక్కువుంటే వెల్డు పక్కన నీలం, గోధుమ రంగు పొర పడుతుంది. ఆ పొర కట్టుకోవడానికి క్రోమియం కింది లోహం నుంచే పోతుంది. పొర కింద కొన్ని మైక్రాన్ల లోహం క్రోమియం తగ్గి మిగులుతుంది. 2205కి ఉన్నది 35, కాస్త పోయినా తట్టుకుంటుంది. 316ఎల్‌కి ఉన్నదే 24, దాన్లోంచి పోతే ఈ నీళ్లకి నిలబడదు. రెండు వైపులా ఒకే పర్జ్, ఒకే నీరు, కానీ చుక్కలు ఒక్క వైపే. ఫ్యూజన్ లైనుకి 2 నుంచి 5 మి.మీ. అంటే సరిగ్గా రంగు పట్టీ ఉండే చోటు.

ఫిల్లర్ కాపాడేది వెల్డుని. పక్కనున్న 316ఎల్‌ని ఏ ఫిల్లరూ కాపాడదు. దాన్ని కాపాడేది పర్జ్, పిక్లింగు (ఆసిడ్‌తో రంగు పొర తీయడం), నీళ్లు.

పైపింగ్_పద్మ
ఆ చుట్టూ చుక్కలున్న ఒక్క జాయింటుని విడిగా చూడండి. మైల్డ్ స్టీల్ బ్రష్ గానీ, మైల్డ్ స్టీల్ మీద వాడిన గ్రైండింగ్ వీల్ గానీ లోపల తగిలి ఉండొచ్చు. అతుక్కున్న ఇనుప రేణువుల తుప్పు తుడిస్తే పోతుంది, కింద గుంట ఉండదు. ఫెరాక్సిల్ పరీక్షలో నీలం వస్తే ఇనుము ఉన్నట్టే.

టిగ్_రాజా
పర్జ్ సంగతి నిజమే. టైము చూసి కొట్టడం నమ్మకం లేని పని, డ్యామ్ (పర్జ్ గ్యాస్ నిలవడానికి పైపులో పెట్టే అడ్డు) కొంచెం లీకైనా తెలీదు. కానీ 4 ఇంచీలకి ఎంతసేపు పర్జ్ చేయాలో లెక్క ఎవరైనా చెప్పండి, మా కుర్రాళ్లకి రాసిస్తా.

జుబైల్_పైపర్
4 ఇంచీల 10ఎస్ లోపలి వ్యాసం 108 మి.మీ., మీటరు పైపుకి సుమారు 9.2 లీటర్లు. జాయింటుకి అటూ ఇటూ 300 మి.మీ. దూరంలో డ్యాములు పెడితే ఖాళీ 5.5 లీటర్లు. కనీసం 10 సార్లు మారాలి, అంటే 55 లీటర్లు. నిమిషానికి 9 లీటర్లయితే 6 నిమిషాలు. ఇది ఎప్పుడు మొదలెట్టాలో చెప్పే లెక్క మాత్రమే, ఆర్క్ కొట్టేది మీటర్ 50 పీపీఎం లోపు చూపించాకే.

ఆర్గాన్ గాలి కంటే బరువు. లోపలికి కిందనుంచి, బయటికి పైనుంచి వదలాలి. జాయింటు గ్యాప్‌కి టేపు వేసి, వెల్డు చేసే కొద్దీ విప్పుకుంటూ పోవాలి. రూట్ చివర మూసేటప్పుడు ఫ్లో తగ్గించాలి, లేకపోతే రూట్ బయటికి ఉబ్బుతుంది. ఈ గోడకి రెండో పాస్ అయ్యేదాకా పర్జ్ తీయొద్దు. రూట్ అయిపోయింది కదా అని ఆపితే రెండో పాస్ వేడికి లోపల మళ్లీ నీలమే.

ఫెర్రైట్45
హైడ్రోజన్ కలిపిన పర్జ్ గ్యాస్ కొందరు వాడతారు, 316ఎల్‌కి రంగు బాగా తగ్గుతుంది. ఈ జాయింటుకి మాత్రం వద్దు. ఒకవైపు డూప్లెక్స్ ఉంది, ఫెర్రైట్‌లో హైడ్రోజన్ చేరితే పగుళ్ల ప్రమాదం.

టార్చి గ్యాసు సంగతి కూడా. ఉత్త ఆర్గాన్‌తో కొడితే కరిగిన లోహం నుంచి నైట్రోజన్ పోతుంది, ఆస్టెనైట్ తగ్గుతుంది. ఆర్గాన్‌లో 2 శాతం నైట్రోజన్ కలిపితే ఆ నష్టం పూడుతుంది. టంగ్‌స్టన్ మొన త్వరగా అరుగుతుంది, తరచూ సాన పట్టుకోవాలి.

టిగ్_రాజా
2209 వైరు కరిగి పారడం కొంచెం బద్ధకం, 316ఎల్ ఏమో నీళ్లలా జారుతుంది. కుర్రాళ్లు ఆర్క్‌ని 316ఎల్ మీద పెట్టి దాన్నే రూట్‌లోకి లాగేస్తారు, వైరు తక్కువ పడుతుంది. అప్పుడు పైన వైద్యుడు గారు వేసిన 30 శాతం డైల్యూషన్ లెక్క నిలబడదు. గ్యాప్ 2.5 నుంచి 3 మి.మీ., ముక్కు (బెవెల్ చేయకుండా వదిలే అంచు) 1 మి.మీ. లోపు, మొత్తం బెవెల్ కోణం 70 నుంచి 75 డిగ్రీలు పెట్టి 2.4 వైరు ఆపకుండా ఇవ్వాలి. వైరు లేకుండా రెండు అంచులూ కరిగించి ట్యాక్ (పైపుల్ని కదలకుండా నిలిపే చిన్న వెల్డు) వేయడం నిషేధించాలి. ఆ ట్యాకుల దగ్గరే రూట్ పాడవుతుంది.

మెటలర్జీ_మాస్టారు
రాజా చెప్పిన ట్యాకుల మాట బంగారం.

వేడి విషయం కూడా రాసిపెడతాను. డూప్లెక్స్‌కి హీట్ ఇన్‌పుట్ మి.మీ.కి 0.5 నుంచి 2.5 కిలోజౌళ్లు అంటారు, ఇంత పల్చటి గోడకి పై అంచు దాకా పోవాల్సిన పని లేదు. రూట్ 11 వోల్టులు, 100 ఆంపియర్లు, నిమిషానికి 70 మి.మీ. వేగం: 11 × 100 × 60 ÷ 70 ÷ 1000 = 0.94. రెండో పాస్ రూట్ కంటే చల్లగా, అందులో 75–80 శాతం ఉండాలి: 95 ఆంపియర్లు, 85 మి.మీ. వేగంతో 0.74.

ఎందుకంటే రెండో పాస్ వేడిగా పడితే రూట్‌లో సెకండరీ ఆస్టెనైట్ (మళ్లీ వేడెక్కినప్పుడు కొత్తగా వచ్చే ఆస్టెనైట్) పుడుతుంది. దాన్లో క్రోమియం, మాలిబ్డినం, నైట్రోజన్ తక్కువ. ద్రవం తగిలేది రూట్‌కే కదా, పిట్ అక్కడే మొదలవుతుంది. ఇంటర్‌పాస్ 150 డిగ్రీలు దాటొద్దు. దాటితే 600–1000 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండి పెళుసైన సిగ్మా ఫేజ్ వస్తుంది, అది 850–900 దగ్గర చాలా వేగం. అలాగని మరీ చల్లబరిచి కొట్టినా తప్పే: ఫెర్రైట్ ఎక్కువగా మిగిలి, లోపల క్రోమియం నైట్రైడ్లు పడతాయి. అన్నంలో నీళ్లలా, ఎక్కువైనా తక్కువైనా చెడేదే.

పైపింగ్_పద్మ
మరమ్మతు సంగతి. రంగు మాత్రమే ఉన్న జాయింట్లకి పిక్లింగ్ చాలు. గుంట పడినవి కోయాల్సిందే. పిక్లింగ్ ఆసిడ్ పై తుప్పు తీస్తుంది కానీ గుంట అడుగున క్లోరైడ్ అలాగే ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది. పల్చటి గోడలో గుంట లోతు యూటీతో (అల్ట్రాసోనిక్ పరీక్షతో) నమ్మకంగా దొరకదు. మూసి ఉన్న బోరు నీళ్లలో బ్యాక్టీరియా తుప్పు కూడా వస్తుంది, పైన సూది రంధ్రంలా కనిపించి లోపల కుండలా తొలిచి ఉంటుంది. అందుకే ముందు ఒక్కటి కోసి నిలువుగా చీల్చి చూడండి.

పిక్లింగ్‌లో తిరకాసు ఏంటంటే, నైట్రిక్–హైడ్రోఫ్లోరిక్ మిశ్రమంలో 2205కి ఎక్కువ టైము పడుతుంది, 316ఎల్‌కి తక్కువ. రెండూ ఒకే జాయింటులో ఉన్నప్పుడు టైము 316ఎల్‌ని బట్టే పెట్టాలి, లేకపోతే అటు గరుకు తేలుతుంది. మిగిలిపోయిన ముక్క మీద ముందు ప్రయత్నించి టైము ఖాయం చేసుకోండి. ఎండాకాలంలో పేస్టు త్వరగా ఆరిపోతుంది, ఆరనిస్తే మచ్చలు. కడిగిన నీళ్ల పీహెచ్ 6–8 మధ్యకి వచ్చేదాకా కడగాలి.

తుప్పు_వైద్యుడు
హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ మాట వచ్చింది కాబట్టి: పక్కన కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఆ డబ్బా మూత తీయొద్దు. చర్మం మీద పడితే మొదట్లో మంట కూడా తెలియకపోవచ్చు, లోపలికి ఇంకి ఎముకని తాకుతుంది. కడిగిన నీళ్లు సున్నంతో న్యూట్రలైజ్ చేయకుండా డ్రెయిన్‌లోకి వదలొద్దు.

విశాఖ_క్యూసీ
అప్‌డేట్. చుక్కలున్న వాటిలో ఒకటి కోసి పంపాం. ఆక్సాలిక్ ఎచ్: 316ఎల్ వైపు మెట్ల నిర్మాణం, కాలువలు లేవు. కార్బన్ ఓఈఎస్‌లో 0.021. బోరు నీళ్ల క్లోరైడ్ 410 పీపీఎం. గుంటలు మూడు, అన్నిటికంటే లోతైనది 0.6 మి.మీ., మూడూ నీలం రంగు పట్టీలోనే. వెల్డులో ఫెర్రైట్ పాయింట్ కౌంట్ 41 శాతం, సిగ్మా కనపడలేదు. చుట్టూ చుక్కలున్న జాయింటు పద్మ మేడం చెప్పినట్టే ఇనుప రేణువులు, తుడిస్తే పోయింది, కింద గుంట లేదు.

గుంటలున్న మిగతా మూడూ కోస్తున్నాం. మళ్లీ 2209తోనే, ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకున్నారు. కానీ ఇప్పుడు కొత్త షరతు: పరీక్ష కోసం కొట్టే 316ఎల్–2205 జాయింటు కూపన్‌కి జీ48 పరీక్ష (పిట్టింగుని తట్టుకుంటుందా అని చూసేది) పాసవ్వాలట, 22 డిగ్రీల దగ్గర. సరేనా?

మెటలర్జీ_మాస్టారు
అలా ఒప్పుకోవద్దు. అది 6 శాతం ఫెర్రిక్ క్లోరైడ్. 22 డిగ్రీల దగ్గర దాన్లో 316ఎల్ ఏ వెల్డూ లేకుండానే పిట్ అవుతుంది. మీ కూపన్ 316ఎల్ వైపు ఫెయిలవుతుంది, తప్పు వెల్డు మీదకి వస్తుంది.

ఫెర్రైట్45
అదే. డూప్లెక్స్ వైపు నాణ్యత చూడాలంటే అదే వైరు, అదే హీట్ ఇన్‌పుట్‌తో 2205–2205 కూపన్ కొట్టి ఏఎస్‌టీఎం ఏ923 మెథడ్ సి (డూప్లెక్స్ కోసం ఉన్న ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష) చేయండి: వెల్డుకి 22 డిగ్రీలు, 24 గంటలు, బరువు నష్టం రోజుకి చదరపు డెసిమీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అంచులు నున్నగా సాన పట్టాలి, లేకపోతే కోత అంచుల్లోనే బరువు పోయి తప్పు లెక్క వస్తుంది.

పైపింగ్_పద్మ
దాంతోపాటు పీక్యూఆర్ (వెల్డింగ్ పద్ధతిని పరీక్షించి నిరూపించిన రికార్డు) చూడండి. ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 (వెల్డింగ్ అర్హత నియమాలు) ప్రకారం 316ఎల్ పి-నంబరు (లోహాల గుంపు నంబరు) 8, 2205 పి-నంబరు 10హెచ్. 8కి 8 చేసిన పీక్యూఆర్‌తో ఈ జాయింటు చెల్లదు, 8కి 10హెచ్ విడిగా ఉండాలి. టెన్‌సైల్‌లో తక్కువ బలమున్న వైపు లెక్క, అంటే 316ఎల్‌కి 485 మెగాపాస్కల్స్ దాటితే చాలు.

ఇన్‌స్పెక్టర్ గారికి ఇలా రాసివ్వండి: డిస్‌సిమిలర్ కూపన్‌కి మాక్రో (కోసిన ముఖాన్ని ఎచ్ చేసి కంటితో చూడటం), ఫెర్రైట్ కౌంట్, 400 రెట్లలో మైక్రో (మైక్రోస్కోప్‌తో చూడటం). తుప్పు పరీక్ష 2205–2205 కూపన్‌కి మాత్రమే. ప్రతి జాయింటుకీ పర్జ్ ఆక్సిజన్ రీడింగు, లోపలి రంగు ఫోటో రికార్డులో ఉంటాయి.

టిగ్_రాజా
ఆ చివరి ముక్క ముందే ఉంటే ఏడింట్లో ఒక్కటి కొట్టగానే తెలిసిపోయేది. క్యూసీ తమ్ముడూ, పర్జ్ మీటర్ రెండోది స్టోర్‌లో పెట్టించు.

విశాఖ_క్యూసీ
ఇండెంట్ పెట్టేశాను అన్నా. హైడ్రోటెస్ట్‌కి డీఎం నీళ్ల ట్యాంకరు కూడా రాశాను.